జూ తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి

పిల్లలకు సెలవులు వచ్చాయంటే ఒకటే గోల. "అమ్మా, జూకు పోదాం" అంటారు. పులిని చూడాలంటారు. ఏనుగును చూడాలంటారు. పిల్లలకే కాదు, పెద్దలకూ ఆ ఆశ ఉంటుంది. బయటికి చెప్పరు, అంతే.

మన లింగంపేట చుట్టూ అడవి ఉంది. ఎల్లారెడ్డి వైపు పోతే పోచారం చెరువు ఉంది. దాని చుట్టూ అభయారణ్యం ఉంది. అక్కడ చుక్కల దుప్పులు, మనుబోతులు తిరుగుతాయి. కాని అడవి జంతువు మనిషి అలికిడి వింటే దాక్కుంటుంది. ఎప్పుడో ఒకసారి దూరం నుంచి కనిపిస్తుంది. సింహాన్ని, ఏనుగును, జిరాఫీని దగ్గర నుంచి చూడాలంటే జూకే పోవాలి.

జూ అంటే జంతు ప్రదర్శనశాల. అక్కడికి చూడడానికి వచ్చేవారిని సందర్శకులు అంటారు. చూసి, సంతోషపడి, "వచ్చినందుకు మంచిదైంది" అనుకోవడాన్ని సంతృప్తి అంటారు. కరోనా తర్వాత జూలో ఏం మారింది? సందర్శకులకు సంతృప్తి ఎట్లా కలుగుతుంది? జంతువుల క్షేమానికీ మన సంతోషానికీ ఉన్న సంబంధం ఏమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన హైదరాబాదు జూ

హైదరాబాదులో బహదూర్‌పుర అనే చోట పెద్ద జూ ఉంది. దాని పేరు నెహ్రూ జంతు ప్రదర్శనశాల. అందరూ జూ పార్కు అంటారు. పక్కనే మీర్ ఆలం చెరువు ఉంది. ఈ జూను 1963 అక్టోబరు 6న ప్రజల కోసం తెరిచారు. అంతకు ముందు నాంపల్లి దగ్గరి పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్న జూ ఉండేది. అక్కడి జంతువులను ఇక్కడికి తెచ్చారు.

ఈ జూ సుమారు 380 ఎకరాల్లో ఉంది. మన ఊళ్ళో రెండెకరాల చెలక ఉన్న రైతును చిన్న రైతు అంటాం. అలాంటి చెలకలు 190 కలిపితే ఎంతో, ఈ జూ అంత. నడిస్తే కాళ్ళు నొప్పి పుడతాయి. అందుకే లోపల చిన్న రైలు ఉంది. బ్యాటరీతో నడిచే బండ్లు ఉన్నాయి.

చాలా జంతువులు ఇక్కడ ఇనుప బోనుల్లో ఉండవు. విశాలమైన ఆవరణల్లో ఉంటాయి. మనకూ జంతువుకూ నడుమ లోతైన కందకం ఉంటుంది. జంతువు దాటి రాలేదు. మనం దాటి పోలేం. ఇద్దరికీ భద్రత.

జూ ఉన్నది వినోదం కోసమే కాదు. అడవుల్లో కరువైపోతున్న జంతువులను ఇక్కడ పెంచుతారు. మూషిక జింక అనే చిన్న జింక ఉంది. కుందేలు కన్నా కొంచెం పెద్దగా ఉంటుంది. దాన్ని ఈ జూలో పెంచి, సంతతిని వృద్ధి చేశారు. 2017లో కొన్నిటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. నారుమడిలో నారు పెంచి పొలంలో నాటుతాం కదా. ఇదీ అలాంటి పనే.

తాళం పడిన రోజులు

2020 మార్చి నెల మనందరికీ గుర్తే. 22న జనతా కర్ఫ్యూ. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. బస్సులు ఆగాయి. బడులు మూశారు. బీడీ కార్ఖానాలు మూశారు. ఆకు, తంబాకు రాక అక్కల చేతులకు పని లేకుండా పోయింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు అక్కడే చిక్కుబడ్డారు.

జూలకు కూడా అప్పుడే తాళం పడింది. దేశంలో అన్ని జూలూ మూశారు. టికెట్టు కొనేవారు లేరు. పిల్లల అరుపులు లేవు. చిన్న రైలు కూత లేదు.

కాని జూను పూర్తిగా మూయడం ఎవరి తరమూ కాదు. బట్టల దుకాణానికి తాళం వేసి ఇంటికి పోవచ్చు. పశువుల కొట్టానికి తాళం వేసి పోగలమా? పాలు పిండాలి. మేత వేయాలి. పేడ తీయాలి. జూ కూడా అంతే. సింహానికి మాంసం కావాలి. ఏనుగుకు గడ్డి కావాలి. పక్షులకు గింజలు, పండ్లు కావాలి. ఎండాకాలంలో జంతువుల మీద నీళ్ళు చల్లాలి. అందుకే లాక్‌డౌన్‌లో కూడా జంతువుల కాపరులు, పశువుల డాక్టర్లు పనికి వచ్చారు. రోజూ వచ్చారు.

జూకు ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది? మనం కొనే టికెట్టు నుంచి చాలా వరకు వస్తుంది. గేటు మూస్తే ఆదాయం ఆగుతుంది. ఆకలి ఆగదు. ఆ రోజుల్లో ప్రపంచంలో ఎన్నో జూలు ఇట్లాంటి కష్టమే పడ్డాయి. జంతువులను దత్తత తీసుకునే పద్ధతి అప్పుడు పనికి వచ్చింది. దత్తత అంటే ఇంటికి తెచ్చుకోవడం కాదు. ఒక జంతువు మేత ఖర్చును కొంత కాలం భరించడం.

హైదరాబాదు జూను 2020 అక్టోబరు 6న మళ్ళీ తెరిచారు. అది జూ పుట్టిన రోజు కూడా. మాస్కు ఉంటేనే లోపలికి రానిచ్చారు. దూరం దూరంగా నడవాలన్నారు.

సింహాలకు కరోనా

అంతటితో అయిపోలేదు. 2021లో కరోనా రెండోసారి విజృంభించింది. మన ఊళ్ళలో కూడా ఎందరో కన్నుమూశారు. ఆ ఏప్రిల్ నెలాఖరులో జూలోని కొన్ని సింహాలు తిండి తగ్గించాయి. ముక్కు కారింది. దగ్గు వచ్చింది. కాపరులు అది గమనించి డాక్టర్లకు చెప్పారు.

డాక్టర్లు సింహాలకు మత్తుమందు ఇచ్చారు. ముక్కు నుంచి, గొంతు నుంచి నమూనాలు తీశారు. హైదరాబాదులోనే ఉన్న సీసీఎంబీ అనే పెద్ద పరిశోధన సంస్థకు పంపారు. అక్కడి శాస్త్రవేత్తలు పరీక్ష చేశారు. 8 ఆసియా సింహాలకు కరోనా సోకిందని తేలింది. 2021 మే 4న కేంద్ర ప్రభుత్వం ఈ సంగతి ప్రకటించింది. మన దేశంలో జూ జంతువులకు కరోనా సోకినట్టు తేలడం అదే మొదటిసారి.

ఆ సింహాలను వేరుగా ఉంచారు. వైద్యం చేశారు. అవి కోలుకున్నాయి. జూను సందర్శకులకు మళ్ళీ మూశారు. 2021 జులై 11న తిరిగి తెరిచారు.

అన్ని చోట్లా ఇంత మంచిగా జరగలేదు. చెన్నై దగ్గర వండలూరులో ఒక పెద్ద జూ ఉంది. అక్కడి సింహాలకు కూడా కరోనా సోకింది. 2021 జూన్‌లో ఒక ఆడ సింహం, ఒక మగ సింహం చనిపోయాయి. అమెరికాలో న్యూయార్క్ నగరంలోని ఒక జూలో 2020 ఏప్రిల్‌లోనే ఒక పులికి కరోనా వచ్చింది. దానికి కాపరి నుంచే సోకిందని అక్కడివారు భావించారు. ఆ కాపరికి దగ్గు లేదు, జ్వరం లేదు. తనకు కరోనా ఉందని కూడా తెలియదు.

దీన్నిబట్టి మనం ఒక సంగతి నేర్చుకోవాలి. జంతువు నుంచి మనిషికి రోగం వస్తుందని విన్నాం. మనిషి నుంచి జంతువుకు కూడా రోగం పోతుంది. పశువులున్న అక్కలకు ఇది సులువుగా అర్థమవుతుంది. గాలికుంటు వచ్చిన ఎద్దును వేరే చోట కడతాం. ఆ ఎద్దును ముట్టిన చేత్తో దూడను ముట్టం. ఆ కొట్టంలో నడిచిన కాళ్ళతో పక్క కొట్టంలోకి పోం. జూలోనూ అదే జాగ్రత్త.

ఆసియా సింహాలు ప్రపంచంలో ఒక్క చోటే సొంతంగా బతుకుతున్నాయి. అది గుజరాత్ రాష్ట్రంలోని గిర్ అడవి, దాని చుట్టుపక్కల ప్రాంతం. 2025లో లెక్కిస్తే అక్కడ 891 సింహాలున్నాయి. ఒకే చోట ఉన్నాయి కాబట్టి ఒక పెద్ద రోగం వస్తే జాతికే ముప్పు. అందుకే జూలో ఉన్న ఒక్కొక్క సింహమూ విలువైనదే.

తర్వాత జంతువుల కోసం కూడా టీకా తయారైంది. హర్యానాలోని హిసార్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ దాన్ని తయారు చేసింది. 2022 జూన్‌లో విడుదల చేశారు. దాని పేరు అంకోవాక్స్.

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రకటన చేసింది. కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది. రోగం పూర్తిగా పోలేదు. కాని ఆ భయంకరమైన రోజులు గడిచాయి.

సంఘం సమావేశంలో

లింగంపేటలో ఒక మహిళా సంఘం సమావేశం జరుగుతున్నదని అనుకుందాం. పొదుపు డబ్బులు లెక్క అయింది. "అందరం కలిసి ఒకసారి జూకు పోదామా?" అని ఒకామె అడిగింది. అప్పుడు ఇట్లా మాటలు నడిచాయి.

పెద్దవ్వ: నేను రాను బిడ్డా. కరోనా కాలం సంది గుంపంటేనే గుండె దడదడమంటది. మా తమ్ముడు దవాఖానకు పోయిండు, మళ్ళ ఇంటికి రాలే.

కోడలు: నీ బాధ మాకు తెల్వదా అత్తా? కాని జూ అంటే నాలుగు గోడల నడుమ కూసునేది కాదు. పైన ఆకాశం, చుట్టూ చెట్లు. ఆదివారం గాకుండా రద్దీ లేని దినం పోదాం. నీకు మాస్కు నేనిస్త.

వదినె: నేనొకసారి పోయిన. పెండ్లయిన కొత్తల. పులి పండుకునే ఉండె. మావోళ్ళు చిన్న రాయి ఇసిరిన్రు, లేస్తదేమోనని. కాపరి వచ్చి కోపం చేసిండు. నీళ్ళ నల్లా ఏడుందో తెల్వక తిరిగి తిరిగి కాళ్ళు గుంజినయి. పైసలు దండుగ అనిపించింది.

చెల్లె: వదినే, నల్లా ఎటున్నదో అక్కడ బోర్డు లేకుండెనా?

వదినె: ఉండె కావచ్చు. అప్పుడు నాకు చదువు రాకపాయె.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దవ్వ అడిగింది.

పెద్దవ్వ: మరి ఇప్పుడు నీకు చదువు వచ్చె గదా. ఈసారి బోర్డులన్నీ నువ్వే చదువుతవా?

వదినె: చదువుత అత్తా. ఒక్కటి ఇడువకుండ చదువుత.

సంతృప్తి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ మాటల్లో చాలా విషయం ఉంది. పెద్దవ్వ భయం గురించి చెప్పింది. వదినె వసతుల గురించి చెప్పింది. చదువు లేక తెలియకపోవడం గురించి కూడా చెప్పింది. సందర్శకుల సంతృప్తి వీటి మీదనే ఆధారపడి ఉంటుంది. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది నమ్మకం. కరోనా తర్వాత జనం ఎక్కడికి పోయినా శుభ్రతను చూస్తున్నారు. చేతులు కడుక్కునే చోటు ఉందా? మరుగుదొడ్డి బాగుందా? జనం ఒకరి మీద ఒకరు పడకుండా చోటు ఉందా? ఇవన్నీ ఉంటే భయం తగ్గుతుంది. జూ బయలు ప్రదేశం. గాలి ఆడుతుంది. మూసిన గదిలో కన్నా బయట గాలిలో రోగం అంటుకునే అవకాశం తక్కువ. ఎన్నో నెలలు ఇంట్లో మగ్గిన జనం చెట్ల కిందికి, బయలు గాలికి రావాలని కోరుకున్నారు. కరోనా తర్వాత పార్కులకు, జూలకు మళ్ళీ జనం రావడానికి ఇదొక కారణం.

రెండోది వసతి. మంచినీళ్ళు, నీడ, కూర్చునే బల్లలు, మరుగుదొడ్లు కావాలి. చంటిపిల్లకు పాలిచ్చుకునే చోటు కావాలి. నడవలేని ముసలివారికి బండి కావాలి. ఇవి లేకపోతే ఎంత పెద్ద పులిని చూసినా కడుపు నిండదు. ఆడవారికి ఇవి మరీ ముఖ్యం. మరుగుదొడ్డి ఉండదేమోనని నీళ్ళు తాగకుండా ప్రయాణం చేసే అక్కలు ఎందరో ఉన్నారు. అది ఆరోగ్యానికి మంచిది కాదు.

మూడోది తెలివిడి. ప్రతి ఆవరణ ముందు బోర్డు ఉంటుంది. జంతువు పేరు, అది ఉండే చోటు, తినే తిండి అందులో ఉంటాయి. చదువు రాని రోజుల్లో చూస్తే అది ఒక జంతువు. అంతే. చదివి చూస్తే దానికి ఒక కథ ఉంటుంది. "ఈ సింహం తాతముత్తాతలది గిర్ అడవి" అని తెలిస్తే చూపు మారుతుంది. పక్కనున్న బిడ్డ "అమ్మా, ఇదేంటి?" అంటే అమ్మ చదివి చెప్పగలదు. ఆ క్షణం బిడ్డకు పులి కంటే అమ్మే గొప్పగా కనిపిస్తుంది.

నాలుగోది జంతువు క్షేమం. ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. బక్కచిక్కి, ఒక మూలన ముడుచుకున్న జంతువును చూస్తే మనసు బాధపడుతుంది. మెరిసే ఒళ్ళు, చురుకైన కళ్ళు ఉన్న జంతువును చూస్తే మనసు నిండుతుంది. అంటే జంతువు సుఖంగా ఉంటేనే మనకు సంతృప్తి. జంతువు సుఖం చెడగొట్టి మనం సంతోషపడలేం.

పులి పడుకుంటే పైసలు దండుగా?

చాలామంది జూ నుంచి వచ్చి ఇదే మాట అంటారు. "ఏముంది, అన్నీ పడుకునే ఉన్నాయి." దీనికి కారణం తెలుసుకోవాలి.

సింహం రోజుకు 20 గంటల దాకా పడుకుంటుంది, లేదా ఊరికే ఒరుగుతుంది. అడవిలోనూ అంతే. జూలోనూ అంతే. వేటకు ఒక్కసారిగా చాలా బలం కావాలి. అందుకే మిగతా సమయంలో బలం దాచుకుంటుంది. అది సోమరితనం కాదు. దాని స్వభావం. పులి కూడా చల్లని వేళ తిరుగుతుంది. మిట్టమధ్యాహ్నం నీడలో పడుకుంటుంది. మన బర్రె కూడా మధ్యాహ్నం మడుగులో పడుకోదా?

అందుకని పొద్దున పోతే మంచిది. ఎండ తగ్గాక కూడా జంతువులు లేచి తిరుగుతాయి. మధ్యాహ్నం పూట పక్షులను, పాములను, చేపలను చూడవచ్చు.

రాయి విసరడం, అరవడం, ఈలలు వేయడం తప్పు. కరోనా కాలంలో గేట్లు మూసినప్పుడు శాస్త్రవేత్తలు చాలా దేశాల్లో జూ జంతువులను గమనించారు. జనం ఉన్నప్పుడు ఎట్లా ఉంటాయి, లేనప్పుడు ఎట్లా ఉంటాయి అని చూశారు. కొన్నిటిలో తేడా కనిపించలేదు. కొన్నిటిలో కనిపించింది. కొన్ని జనం లేనప్పుడు నిమ్మళంగా తిరిగాయి. కొన్ని జనం కోసం చూసినట్టు కూడా అనిపించింది. అన్ని జంతువులూ ఒక్క తీరు కాదు. కాని గోల చేసి ఏడిపిస్తే ఏ జంతువుకూ మంచిది కాదు.

తినుబండారాలు వేయడం కూడా తప్పే. కోతికి చిప్స్ వేస్తే సంతోషంగా తింటుంది. తర్వాత కడుపు చెడుతుంది. మన చేతి ఎంగిలితో మన రోగం దానికి పోవచ్చు. ప్లాస్టిక్ సంచిలో అన్నం వాసన ఉంటే జింక సంచినే మింగుతుంది. అది కడుపులో అడ్డం పడుతుంది. చెత్తకుప్పల మీద తిరిగే మన ఆవులకు ఏం జరుగుతున్నదో చూస్తూనే ఉన్నాం.

హక్కు, బాధ్యత

టికెట్టు కొన్న ప్రతి మనిషికీ హక్కు ఉంటుంది. మంచినీళ్ళు అడగవచ్చు. మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోతే చెప్పవచ్చు. బోర్డు తెలుగులో లేకపోతే, అక్షరాలు చెరిగిపోతే అడగవచ్చు. "మనం పల్లెటూరోళ్ళం, మనకెందుకు" అనుకోవద్దు. పట్నం మనిషి టికెట్టుకూ మన టికెట్టుకూ విలువ ఒక్కటే. చెప్పకపోతే లోపం ఎవరికీ తెలియదు. తెలియకపోతే బాగుపడదు.

సందర్శకులను అడిగి తెలుసుకునే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఒక కాగితం ఇస్తారు. లేదా ఒక పుస్తకంలో రాయమంటారు. అడగకపోయినా ఒక కాగితం మీద రాసి అధికారికి ఇవ్వవచ్చు. వేలిముద్ర వేసే రోజుల్లో మన మాట నోటితోనే పోయేది. ఇప్పుడు కాగితం మీద నిలుస్తుంది. పేరు రాసి సంతకం పెట్టి ఇస్తే దానికి బలం ఉంటుంది.

హక్కుతో పాటు బాధ్యత కూడా ఉంది. జ్వరం, దగ్గు, జలుబు ఉంటే ఆ రోజు ప్రయాణం మానుకోవాలి. మన వల్ల పక్కవారికి రావచ్చు. జంతువుల దాకా పోవచ్చు. తుమ్ము వస్తే కొంగు అడ్డం పెట్టుకోవాలి. ఉమ్మి వేయరాదు. చేతులు కడుక్కోవాలి. కరోనా నేర్పిన ఈ మంచి అలవాట్లను కరోనాతో పాటు వదిలేయరాదు.

లింగంపేట నుంచి పోవాలంటే

లింగంపేట నుంచి కామారెడ్డికి బస్సులున్నాయి. కామారెడ్డి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా హైదరాబాదు పోవాలి. అది వంద కిలోమీటర్ల పైనే. హైదరాబాదులో దిగాక సిటీ బస్సు ఎక్కాలి. పోను రాను ప్రయాణానికే చాలా గంటలు పడుతుంది. తెల్లవారుజామున బయలుదేరాలి.

ఒక సంగతి మరచిపోవద్దు. సోమవారం జూకు సెలవు. అంత దూరం పోయి మూసిన గేటు చూసి రావద్దు.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. దాని కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు ఖర్చు లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. బస్సు బోర్డు చదివి ఎక్కాలి. వేరే రకం బస్సు ఎక్కితే డబ్బులు కట్టాల్సి రావచ్చు.

జూ టికెట్టు ధర అప్పుడప్పుడు మారుతుంది. టికెట్లు ఇచ్చే కిటికీ దగ్గర బోర్డు ఉంటుంది. అది చదివి డబ్బులు ఇవ్వాలి. ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. పెద్దవారికి 100 రూపాయలు, పిల్లలకు 50 రూపాయలు అనుకుందాం.

20 మంది అక్కలు: 20 × 100 = 2000 రూపాయలు
10 మంది పిల్లలు: 10 × 50 = 500 రూపాయలు
మొత్తం: 2500 రూపాయలు

దీనికి తోడు ఆ రోజు కూలి పోతుంది. బీడీలు చుట్టే అక్కకు ఆ రోజు బీడీలు తక్కువవుతాయి. కాబట్టి ఈ రోజు చిన్న ఖర్చు కాదు. అందుకే ముందే ఆలోచించుకుని పోవాలి. సద్ది కట్టుకుంటే తిండి ఖర్చు తగ్గుతుంది. సంఘంలో నెలకు కొంత పక్కన పెడితే ఒక్కసారి బరువు పడదు. నాట్లు, కోతలు లేని రోజు చూసుకోవాలి.

ఖర్చు పెట్టి పోయిన రోజును పూర్తిగా వాడుకోవాలి. అన్నీ చూడాలని ఉరకవద్దు. పది జంతువులను నిలబడి, బోర్డు చదివి, పిల్లలకు చెప్పి చూడండి. వంద జంతువులను ఉరుకుతూ చూసినదానికన్నా అదే మేలు.

ఇంటికి వచ్చాక ఈ కాగితం నింపండి

ఒక్కొక్క మాట ఎదురుగా మీ అభిప్రాయం రాయండి. "బాగుంది", "ఫరవాలేదు", "బాగా లేదు" అనే మూడింటిలో ఒకటి రాయాలి.

1. మంచినీళ్ళు ..............
2. మరుగుదొడ్లు ..............
3. నీడ, కూర్చునే చోటు ..............
4. బోర్డులు చదవడానికి వీలుగా ఉన్నాయా ..............
5. జంతువుల ఆరోగ్యం ..............
6. సిబ్బంది మాట తీరు ..............
7. మళ్ళీ పోవాలని ఉందా? ఎందుకు? ..............

కొత్త మాటలు

సందర్శకులు = చూడడానికి వచ్చేవారు
సంతృప్తి = మనసు నిండడం
అభయారణ్యం = జంతువులను వేటాడకుండా కాపాడే అడవి
నమూనా = పరీక్ష కోసం తీసిన కొంచెం భాగం
దత్తత = పోషణ బాధ్యత తీసుకోవడం
వసతి = సౌకర్యం

జవాబులు చెప్పండి

1. హైదరాబాదు జూను ప్రజల కోసం ఏ సంవత్సరంలో తెరిచారు?
2. 2021లో ఎన్ని సింహాలకు కరోనా సోకింది? వాటికి ఏం చేశారు?
3. జూ మూసినా కాపరులు ఎందుకు పనికి పోయారు?
4. సింహం పగలు ఎందుకు పడుకుంటుంది?
5. 15 మంది పెద్దలు, 8 మంది పిల్లలు పోతే టికెట్లకు ఎంత అవుతుంది? పై లెక్క ప్రకారం చేయండి.

చర్చించండి

1. పెద్దవ్వ జూకు రావడానికి భయపడుతున్నది. మీరైతే ఆమెకు ఏం చెబుతారు? ఆమె రానంటే బలవంతం చేయాలా?
2. మన ఊరి సంతలో, బస్‌స్టాండులో ఆడవారికి ఏ వసతులు లేవు? ఎవరికి రాసి ఇవ్వాలి? అందరూ కలిసి ఒక దరఖాస్తు రాయండి. సంతకాలు పెట్టండి.